బుడమేరు మళ్ళీ పొంగితే కంప్యూటర్ ఏం చెప్పగలదు? డిజిటల్ ట్విన్ల సంగతి కాస్త విడమరిచి

ఈ మధ్య ఏ నగరం గురించి ప్రకటన వచ్చినా అందులో డిజిటల్ ట్విన్ అనే మాట ఒకటి తగిలిస్తున్నారు, అంటే నగరానికి కంప్యూటర్‌లో ఒక జోడీ. పక్కన ఒక బొమ్మ కూడా ఉంటుంది, నీలం రంగులో మెరిసే బిల్డింగులు, వాటి మధ్య గీతలు. చూసిన జనం రెండు రకాలుగా మాట్లాడుకుంటున్నారు. ఇదంతా పవర్‌పాయింట్ వ్యవహారం అని కొందరు, ఇది గనక ముందే ఉండి ఉంటే 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ఏటి వరదకి విజయవాడ సింగ్‌నగర్ మునిగేది కాదు అని ఇంకొందరు. వరదని ఏ సాఫ్ట్‌వేరూ ఆపదు, అది మాత్రం ఖాయం. కానీ వరద వస్తే ఎవరింటికి కరెంటు ఎన్నో రోజుకి తిరిగొస్తుంది, ఏ స్కూలు ఎన్నాళ్ళు మూతపడుతుంది, ఎన్ని కుటుంబాలు ఇల్లు ఖాళీ చేసి పోతాయి లాంటివి ముందే లెక్క వేసి చూడొచ్చు. ఆ లెక్క వేసే పని అమెరికాలో కొన్ని ఊళ్ళ మీద చాలా సీరియస్‌గా జరిగింది కాబట్టి ముందు అక్కడి సంగతి చూసి, తర్వాత విజయవాడకి వద్దాం.

ఒకే పేరుతో మూడు వేర్వేరు సరుకులు

డిజిటల్ ట్విన్ ఆలోచన నగరాల కోసం పుట్టింది కాదు, ఫ్యాక్టరీల కోసం పుట్టింది. మైకేల్ గ్రీవ్స్ అనే ఆయన 2002లో ఒక వస్తువుకి కంప్యూటర్‌లో జోడీ ఉండాలని, అసలు వస్తువు నుంచి డేటా దానికి వెళ్తూ ఉండాలని చెప్పాడు, ఆ పేరు 2010 ప్రాంతంలో నాసా వాళ్ళ దగ్గర స్థిరపడింది. ఇంజనుకి ట్విన్ చేయడం తేలికే, ఇంజను గీసిన గీత దాటదు. నగరం అలా కాదు, మనుషులుంటారు, రాత్రికి రాత్రి రేకుల షెడ్డు లేస్తుంది, నాలా మీద స్లాబు పడుతుంది.

ఇప్పుడు నగరాల విషయంలో ఆ పేరు కింద మూడు రకాలు నడుస్తున్నాయి. మొదటిది ఉత్త త్రీడీ మ్యాపు, బిల్డింగులు ఎంత ఎత్తున్నాయో కనిపిస్తాయి, తిప్పి చూసుకోవచ్చు. కొత్త టవర్ కడితే పార్కు మీద నీడ ఎంతసేపు పడుతుంది లాంటివి దీంతో బాగా తెలుస్తాయి. రెండోది సెన్సర్లు తగిలించింది, నాలాలో నీటి మట్టం, ట్రాఫిక్, వానమాపకాల డేటా ఎప్పటికప్పుడు వచ్చి చేరుతుంది, అంటే ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్తుంది. మూడోది "ఇలా జరిగితే ఏమవుతుంది" అని అడిగితే జవాబిచ్చేది. విపత్తుల ప్లానింగ్‌కి పనికొచ్చేది ముఖ్యంగా ఈ మూడోదే, చిత్రం ఏంటంటే చూడ్డానికి అన్నిటికన్నా చప్పగా ఉండేదీ ఇదే, చాలాసార్లు ఒక పెద్ద పట్టిక, కొన్ని గ్రాఫులు తప్ప ఏమీ ఉండవు.

సింగపూర్ 2014లో వర్చువల్ సింగపూర్ పేరుతో 7.3 కోట్ల సింగపూర్ డాలర్ల ప్రాజెక్టు ప్రకటించింది, దేశం మొత్తానికి త్రీడీ మోడల్. అది ముందు మొదటి రకం, దాని మీద మిగతావి కట్టుకుంటూ పోయారు. మన అమరావతి సంగతి ఇంకో విచిత్రం. షికాగో కంపెనీ ఒకటి 2019లో అమరావతిని ట్విన్‌తోనే పుట్టబోయే మొదటి నగరం అని చెప్పుకుంది, ఆ ఏడాదే ప్రభుత్వం మారి రాజధాని పనులు ఆగిపోయాయి. అప్పటికి నగరం లేకుండా ట్విన్ ఒక్కటే మిగిలిన పరిస్థితి.

మునగడం ఒక లెక్క, తేరుకోవడం ఇంకో లెక్క

రెసిలియెన్స్ అంటే దెబ్బ తగలకపోవడం అనుకుంటే ఇదంతా అర్థం కాదు. దెబ్బ తగిలాక ఎంత త్వరగా, ఎంతమంది, ఏ స్థితికి తిరిగొచ్చారు అన్నదే రెసిలియెన్స్.

అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో జాప్లిన్ అనే ఊరుంది, జనాభా దాదాపు 50,000, అంటే మన దగ్గర ఒక చిన్న మున్సిపాలిటీ. 2011 మే 22 సాయంత్రం అక్కడ ఈఎఫ్5 టోర్నడో వచ్చింది, అంటే ఆ స్కేలు మీద అన్నిటికంటే పెద్దది. 161 మంది చనిపోయారు. దాదాపు 7,500 ఇళ్ళు, 550 పైగా వ్యాపార భవనాలు దెబ్బతిన్నాయి లేదా కూలిపోయాయి. ఊళ్ళో ఉన్న పెద్ద ఆసుపత్రి కట్టడం నిలబడే ఉంది, కానీ అద్దాలు పోయాయి, బ్యాకప్ కరెంటు కూడా పోయింది, దాంతో ఆసుపత్రిగా అది పనికిరాలేదు. ఇక్కడ ఆగి చూడాలి. బిల్డింగుల లెక్క ప్రకారం అది "కూలలేదు", జనం లెక్క ప్రకారం ఆసుపత్రి లేదు. కొత్త ఆసుపత్రి తెరవడానికి 2015 దాకా పట్టింది.

స్కూళ్ళ విషయంలో వేరే కథ. హైస్కూలు నాశనమైపోయింది, అయినా స్కూళ్ళు అనుకున్న రోజుకే తెరుస్తాం అని అక్కడి స్కూళ్ళ అధికారులు పట్టుబట్టి ఆగస్టు 17న, అంటే 87 రోజులకి తెరిచారు, పై క్లాసుల పిల్లలకి ఒక షాపింగ్ మాల్‌లో ఖాళీగా ఉన్న స్టోర్‌ని క్లాసురూములుగా మార్చి ఇచ్చారు. పిల్లల చదువు నడుస్తుంటే తల్లిదండ్రులు ఊరు వదలరు, ఉద్యోగాలకి వెళ్తారు, షాపులు నడుస్తాయి. అందుకే తర్వాత వచ్చిన మోడళ్ళలో స్కూలు అనేది ఉత్త బిల్డింగుగా కాకుండా కుటుంబాల్ని ఊరికి కట్టిపడేసే ముడిగా వచ్చి చేరింది.

అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ ఫెమాకి 1997 నుంచే హేజస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఎంత నష్టం జరుగుతుందో అంచనా వేస్తుంది. తేరుకోవడం దాకా మొత్తం కలిపి చూద్దామని 2015లో అక్కడి ప్రమాణాల సంస్థ నిస్ట్ డబ్బు పెట్టి కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో ఒక కేంద్రం పెట్టించింది. అందులోంచి ఇన్-కోర్ అనే మోడల్ వచ్చింది, ఇందాక చెప్పిన మూడో రకం, ఓపెన్ సోర్స్, అంటే లోపలి లెక్క ఎవరైనా తెరిచి చూడొచ్చు. ముందు సెంటర్‌విల్ అని 50,000 జనాభా ఉన్న ఒక ఊహా నగరాన్ని తయారుచేసి దాని మీద లెక్కలు సరిచూసుకున్నారు, ఆ తర్వాత జాప్లిన్, సునామీ భయం ఉన్న ఒరెగాన్ తీరంలోని సీసైడ్, హరికేన్ దెబ్బ తిన్న గాల్వెస్టన్ లాంటి నిజం ఊళ్ళకి పట్టుకెళ్ళారు.

మోడల్ లోపల ఏముంటుంది

ఇది ఒక గొలుసు. ముందు ప్రమాదం, ఎక్కడ ఎన్ని అడుగుల నీళ్ళు లేదా ఎంత గాలి. తర్వాత కట్టడాలు, ప్రతి బిల్డింగు ఏ రకం, ఎన్ని అంతస్తులు, పునాది ఎంత ఎత్తు. తర్వాత కరెంటు, నీళ్ళు, రోడ్లు, ఇవి ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి, కరెంటు లేకపోతే మోటార్ తిరగదు, మోటార్ తిరగకపోతే ట్యాంకు ఎక్కదు. ఆ పైన మనుషులు, ఏ ఇంట్లో ఎంతమంది, సొంతిల్లా అద్దెనా, ఆదాయం ఎంత. చివర్లో ఊరి ఆర్థికం, ఉద్యోగాలు, పన్నుల రాబడి.

మధ్యలో ఫ్రాజిలిటీ కర్వ్ అనే మాట వస్తుంది, ఇంజనీర్లు తెగ వాడతారు. విషయం సింపులే. రెండడుగుల నీళ్ళు వస్తే ఈ రకం ట్రాన్స్‌ఫార్మర్ పాడయ్యే అవకాశం ఇంత శాతం, మూడడుగులైతే ఇంత, నాలుగైతే ఇంత అని గీసిన గీత అది. మోడల్ ఎప్పుడూ "ఈ ఇల్లు కూలుతుంది" అనదు, "ఇలాంటి వంద ఇళ్ళలో ఓ ముప్ఫై దెబ్బతినొచ్చు" అంటుంది. పేపర్లో వచ్చేసరికి ఈ "ఒచ్చు" ఎగిరిపోతుంది, అక్కడే సగం గందరగోళం మొదలవుతుంది.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం

ఇవన్నీ నేను అనుకున్న అంకెలు, ఏ కాలనీవీ కావు.

వెయ్యి ఇళ్ళ కాలనీ. వరదొస్తే 600 ఇళ్ళలోకి నీళ్ళు వస్తాయి, మూడు రోజులు ఉంటాయి. మొత్తం వెయ్యి ఇళ్ళకి కరెంటు ఇచ్చే సబ్‌స్టేషన్ పల్లంలో ఉంది, అదీ మునుగుతుంది, నీళ్ళు తీశాక బాగుచేయడానికి ఇంకో ఆరు రోజులు. అంటే తొమ్మిది రోజులు వెయ్యి ఇళ్ళకి కరెంటు లేదు, దీన్ని 9,000 ఇంటి-రోజులు అనుకుందాం.

మున్సిపాలిటీ దగ్గర ఒక పనికి సరిపడా డబ్బే ఉంది. మొదటి ప్లాను సబ్‌స్టేషన్ని ఎత్తు మీదకి లేపడం. అప్పుడు మునిగిన 600 ఇళ్ళకి మాత్రం షాకు భయంతో మూడు రోజులు కరెంటు తీసేస్తారు, 1,800 ఇంటి-రోజులు, అంటే 9,000లో 7,200 ఆదా. కానీ ఇళ్ళలోకి నీళ్ళు రావడం ఆగలేదు. రెండో ప్లాను కట్ట కట్టడం, దాంతో 200 ఇళ్ళు మునగవు. ఇంటికి 50,000 నష్టం అనుకుంటే కోటి రూపాయలు మిగిలాయి, కాకపోతే సబ్‌స్టేషన్ ఎప్పట్లానే మునుగుతుంది, చీకటి 9,000 ఇంటి-రోజులు అలాగే ఉంటుంది.

ఏది మంచిది? రూపాయల్లో కొలిస్తే కట్ట, రోజుల్లో కొలిస్తే సబ్‌స్టేషన్. మోడల్ ఇక్కడ తీర్పు చెప్పదు, దేంతో కొలవాలో మనం చెప్పాలి. ఇంకా ఉంది. ఆ 200 ఇళ్ళూ ఒక్క గది అద్దె పోర్షన్లు, సామాను 10,000 కూడా చేయదు అనుకోండి, అప్పుడు కట్ట వల్ల మిగిలేది 20 లక్షలే, ఒక్కసారిగా కట్ట "దండగ" అయిపోయింది, ఆ కుటుంబానికి ఆ 10,000 సామానే మొత్తం ఆస్తి అయినా సరే. రూపాయి నష్టాన్ని మాత్రమే లెక్కేసే మోడల్ ఎప్పుడూ డబ్బున్న వీధినే ముందు కాపాడమంటుంది, ఎవరూ కుట్ర చేయక్కర్లేదు.

ఇక ఫ్రాజిలిటీ కూడా కలుపుదాం. ఆ నీళ్ళకి సబ్‌స్టేషన్ పాడయ్యే అవకాశం 30 శాతమే అయితే, పాడవకపోతే 600 ఇళ్ళకి మూడు రోజులే చీకటి కాబట్టి, సగటున 9,000లో 30 శాతం 2,700, 1,800లో 70 శాతం 1,260, మొత్తం 3,960. ఇప్పుడు సబ్‌స్టేషన్ లేపితే ఆదా అయ్యేది 2,160 ఇంటి-రోజులే, ఇందాకటి 7,200 కాదు. ఆ శాతం అంకె ఒక్కటి మారితే ప్లాను తలకిందులైపోతుందన్నమాట, అందుకని ఆ 30 ఎక్కడి నుంచి తెచ్చారు అన్న ప్రశ్న త్రీడీ బొమ్మ ఎంత బావుంది అన్నదానికంటే వెయ్యి రెట్లు ముఖ్యం.

ఇదే విజయవాడలో పెడితే

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కుండపోత. చాలామంది బయటివాళ్ళు విజయవాడని కృష్ణ ముంచింది అనుకున్నారు. నిజానికి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట వైపు ముంచింది బుడమేరు. మైలవరం వైపు కొండల నుంచి వచ్చి కొల్లేరులో కలిసే ఏరు అది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి నీళ్ళని డైవర్షన్ కాలువలోకి మళ్ళిస్తారు, అది ఇబ్రహీంపట్నం దగ్గర, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. కృష్ణ తగ్గి ఉంటే బాగానే పనిచేస్తుంది. కృష్ణ నిండుగా ఉంటే ఆ నీళ్ళు లోపలికి పోవు, వెనక్కి తంతాయి. ఆసారి బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, రికార్డు, అదే సమయంలో బుడమేరుకీ వరద, డైవర్షన్ కాలువ కట్టకి గండ్లు పడ్డాయి, ఆర్మీ వచ్చి పూడ్చాల్సి వచ్చింది. కృష్ణలంక వైపు మాత్రం రిటైనింగ్ వాల్ కాపాడింది, అది ఎవరు కట్టించారన్న గొడవ మనకొద్దు.

మోడల్ చేసేవాడికి ఇక్కడ మొదటి చిక్కు ఇదే. కృష్ణకి విడిగా, బుడమేరుకి విడిగా లెక్క వేస్తే రెండూ సురక్షితం అనిపించొచ్చు. రెండూ ఒకే రోజు వస్తే ఏమిటి, ఆ పైన కట్ట తెగితే ఏమిటి అని కలిపి అడగాలి. అడగని ప్రశ్నకి ఎంత ఖరీదైన ట్విన్ అయినా జవాబు చెప్పదు.

రెండో చిక్కు ఎత్తులు. ఫ్రీగా దొరికే శాటిలైట్ ఎత్తుల మ్యాపుల్లో ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు, ఎత్తులో కొన్ని మీటర్ల తేడా రావడం మామూలే, పైగా చాలాచోట్ల అది నేల ఎత్తు కాకుండా చెట్టు తలో డాబా పైకప్పో అయ్యుంటుంది. కొండ ఊళ్ళలో అది సర్దుకుపోతుందేమో గానీ, కృష్ణా డెల్టా లాంటి పళ్ళెం నేల మీద ఒక అడుగు తేడాతో ఏ వీధి మునుగుతుందో మారిపోతుంది. విమానం నుంచో డ్రోన్ నుంచో లేజర్‌తో కొలిచే లైడార్ సర్వే కావాలి. 2021లో కేంద్రం మ్యాపింగ్ రూల్స్ సడలించాక ఇలాంటి సర్వేలు తేలికయ్యాయి, 2025 ఫిబ్రవరిలో మొదలైన నక్షా పథకంలో 152 మున్సిపాలిటీల్లో ఆకాశం నుంచి సర్వే పెట్టారు. దాని అసలు ఉద్దేశం భూమి రికార్డులు, కానీ ఆ ఎత్తుల డేటా వరద లెక్కలకీ పనికొస్తుంది.

మూడోది మనుషులు, అన్నిటికన్నా కష్టం. వరద తర్వాత ప్రభుత్వం మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25,000, పై అంతస్తుల వాళ్ళకి 10,000 ప్రకటించింది. ఈ ఒక్క నిర్ణయం అమలు కావాలంటేనే ప్రతి బిల్డింగులో ఏ అంతస్తులో ఎవరుంటున్నారో తెలియాలి, అందుకని ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు. ఆస్తిపన్ను రికార్డులో ఒక డాబాకి ఒకే పేరు ఉంటుంది, ఓనరుది. కింద రెండు పోర్షన్లలో అద్దెకుండే కుటుంబాలు అందులో ఉండవు. ఆ రికార్డు మీద ట్విన్ కడితే, మునిగేవాళ్ళు మోడల్‌లో లేనే లేరు, పై అంతస్తులో ఉండే ఓనరు మాత్రం ఉంటాడు.

దక్షిణాదిలో కాస్త దగ్గరగా వచ్చింది చెన్నై. 2015 వరద తర్వాత సీ-ఫ్లోస్ అనే వ్యవస్థ తయారుచేసి 2019లో మొదలుపెట్టారు. వాన అంచనా, నదుల్లో నీళ్ళు, సముద్రం పోటు, ఇవన్నీ కలిపి, ముందే లెక్కేసి పెట్టుకున్న వరద దృశ్యాల్లోంచి దగ్గరగా ఉన్నదాన్ని తీసి ఏ ప్రాంతం మునగొచ్చో చూపిస్తుంది. ముంబైకి కూడా 2020లో అలాంటిదే వచ్చింది. ఇవి హెచ్చరికకి పనికొస్తాయి. మునిగిన వార్డు ఎన్ని నెలలకి లేస్తుందన్న లెక్క వాటి పని కాదు.

కావాలనేవాళ్ళు, అనుమానపడేవాళ్ళు

కావాలనేవాళ్ళ వాదన తీసిపారేసేది కాదు. డబ్బు ఎప్పుడూ తక్కువే, ఏ పని ముందు చేయాలో చెప్పడానికి ఇప్పుడున్న పద్ధతి ఏంటంటే, ఏ కార్పొరేటర్ గట్టిగా అరిస్తే ఆ వీధి. దానికంటే తప్పులున్న మోడల్ అయినా నయం, కనీసం ఏ అంకె తప్పో చూపించి వాదించొచ్చు.

అనుమానపడేవాళ్ళు మూడు నాలుగు మాటలంటారు. సర్వే చేసిన రోజు నుంచే ట్విన్ పాతబడుతుంది, అప్‌డేట్ చేసే జీతగాడు లేకపోతే రెండేళ్ళలో అది చరిత్ర పుస్తకం. కంపెనీ చేతిలో లెక్కల పద్ధతి దాచిపెట్టి ఉంటే జనం దాన్ని ప్రశ్నించలేరు. అన్నిటికన్నా గట్టిది, ఏ వీధిలోకి నీళ్ళు ఎటునుంచి వస్తాయో అక్కడ ముప్ఫై ఏళ్ళుగా ఉన్నవాళ్ళకి తెలుసు, బుడమేరు 2005లో కూడా పొంగింది, కోట్లు పోసి కంప్యూటర్‌ని అడగడం ఎందుకు అని. నాకు ఇది సగం ఒప్పుకోదగ్గ మాటే అనిపిస్తుంది. నీళ్ళు ఎటునుంచి వస్తాయో పాతకాపులకి తెలుసు, కానీ సబ్‌స్టేషన్ పోతే ఎగువ కాలనీలో నీళ్ళ ట్యాంకు ఎన్నో రోజుకి ఎండుతుందో వాళ్ళకీ తెలియకపోవచ్చు. రెండూ కలిపి కూర్చోబెట్టిన చోట ఫలితం బావుంటుంది, ఎక్కువ చోట్ల కూర్చోబెట్టరు.

డేటా బయటపెట్టాలా వద్దా అన్నది ఇంకా తేలని గొడవ. కరెంటు లైన్లు, మంచినీళ్ళ పైపుల మ్యాపు అందరికీ ఇస్తే భద్రత సమస్య అంటారు, అది నిజమే. "మీ వీధి మునుగుతుంది" అని అధికారికంగా మ్యాపు పెడితే స్థలాల రేట్లు పడతాయి, కొనుక్కున్నవాళ్ళు లబోదిబోమంటారు. పెట్టకపోతే రేపు తెలియక కొనేవాడు మునుగుతాడు. ఇద్దరిలో ఎవరి నష్టం ముందు చూడాలన్నది రాజకీయం తేల్చాల్సిన సంగతి.

లంబర్టన్‌లో కట్ట మధ్య ఖాళీ

మళ్ళీ అమెరికా. నార్త్ కరొలైనాలో లంబర్టన్, 20,000 జనాభా, నల్లవాళ్ళు, లంబీ తెగవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసుండే, పెద్దగా డబ్బులేని ఊరు. 2016 అక్టోబర్‌లో మాథ్యూ హరికేన్‌కి లంబర్ నది పొంగింది. ఊరికీ నదికీ మధ్య హైవే, కట్ట ఉన్నాయి, కానీ హైవే కింద నుంచి రైలు పట్టాలు, రోడ్డు పోయే చోట కట్టకి ఖాళీ ఉంది. నీళ్ళు అందులోంచే వచ్చి పశ్చిమం, దక్షిణం వైపు పేటల్ని ముంచాయి. ఇన్-కోర్ పరిశోధకులు అక్కడికెళ్ళి ఇంటింటికీ తిరిగి, ఎంత నీళ్ళొచ్చాయి, ఎన్నాళ్ళకి తిరిగొచ్చారు అని అడిగి, తర్వాత ఏళ్ళలో అవే ఇళ్ళకి మళ్ళీ వెళ్ళారు. మోడల్ చెప్పినదానికీ జరిగినదానికీ పొంతన చూడాలంటే ఇంతకంటే వేరే దారి లేదు. ఒకే ఎత్తు నీళ్ళొచ్చినా అందరూ ఒకే వేగంతో తేరుకోరు, ఇన్సూరెన్సు ఉందా, సొంతిల్లా, సాయం ఎప్పుడందింది, వీటిని బట్టి కొందరు నెలల్లో వచ్చేస్తారు, కొందరు అసలు రారు.

ఆ ఖాళీ సంగతి మాథ్యూకి ముందే అధికారులకి తెలుసు, వరదొస్తే ఇసుక బస్తాలు వేస్తాం అన్నదే ప్లాను. మాథ్యూ తర్వాత గేటు పెట్టాలన్న మాట గట్టిగా వచ్చింది, డబ్బు, అనుమతులు, రైల్వే వాళ్ళ ఒప్పుకోలు అంటూ నడుస్తుండగానే 2018 సెప్టెంబర్‌లో ఫ్లోరెన్స్ వచ్చింది. జనం, సైన్యం కలిసి బస్తాలు పేర్చారు, నీళ్ళు మళ్ళీ అటునుంచే వచ్చాయి. ఇలాంటి చోట ప్రమాదం ఎక్కడుందో మోడల్ కొత్తగా కనిపెట్టేదేం లేదు. ఆ గేటు లేకపోవడం వల్ల ఎన్ని కుటుంబాలు ఎన్ని నెలలు ఇల్లు లేకుండా ఉంటాయి, ఎన్ని పోయి తిరిగి రావు అన్నది అంకెల్లో పెట్టగలదు. గేటుకి డబ్బు అడిగేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉంటే అడిగే పద్ధతి మారుతుంది, ఇచ్చేవాళ్ళు ఇస్తారా అన్నది మాత్రం మళ్ళీ వేరే సంగతి.